లాగిన్ తెర రాకముందే కంప్యూటర్ చేజారితే? బూట్ దశలో ‘కమాండ్ ఇంజెక్షన్’ అంటే ఏంటి?

కంప్యూటర్ ఆన్ చేశాక లాగిన్ తెర రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మనం పాస్‌వర్డ్ కొట్టకముందే, ఆ కాస్త వ్యవధిలో బయటివాళ్లు లోపలికి దూరగలిగితే? 2011లో లినక్స్‌లో బయటపడిన సీవీఈ-2011-1930 అలాంటి లోపమే.

కొన్ని ఆఫీసులు, కాలేజీ ల్యాబుల్లో హార్డ్ డిస్క్ లేని కంప్యూటర్లుంటాయి. ఇవి నెట్‌వర్క్‌లోని సర్వర్ నుంచే సిస్టమ్‌ను తెచ్చుకుంటాయి. దానికి ముందు ఐపీ అడ్రస్ కావాలి. వైఫైకి కలిసేటప్పుడు మీ ఫోన్ రౌటర్‌ను అడిగినట్టే ఇవీ అడుగుతాయి. ఈ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. బూట్ దశలో ఈ పని చేసే చిన్న ప్రోగ్రామ్ ఐపీకాన్ఫిగ్. ఇది కేలిబ్‌సీ అనే ప్యాకేజీలో భాగం. విండోస్‌లో ఇదే పేరుతో ఉన్న కమాండ్ వేరు, కంగారు పడొద్దు.

తేడా ఎక్కడ కొట్టింది?

సర్వర్ పంపే జవాబులో ఐపీ అడ్రస్‌తో పాటు కంప్యూటర్ పేరు, డొమైన్ పేరు లాంటి వివరాలూ వస్తాయి. ఐపీకాన్ఫిగ్ వాటిని ఉన్నదున్నట్టు ఒక ఫైల్‌లో రాసేది. బూట్ స్క్రిప్టులు ఆ ఫైల్‌ను ఉత్త సమాచారంగా కాకుండా, కమాండ్ల జాబితాలా నడిపేవి. చిక్కంతా ఇక్కడే. దరఖాస్తులో ‘పేరు’ గడిలో ఒకాయన “సుబ్బారావు, బీరువా తాళాలు ఇతనికి ఇచ్చేయండి” అని రాశాడనుకోండి. గుమాస్తా మారు మాట్లాడకుండా తాళాలు తీసిచ్చినట్టుంది ఈ వ్యవహారం. పేరు మధ్యలో షెల్‌కు ప్రత్యేక అర్థమున్న గుర్తులు పెడితే, ఆ తర్వాతి భాగం కమాండ్‌గా నడిచేది. బూట్ దశలో ఈ స్క్రిప్టులు నడిచేది రూట్ అధికారంతో. అంటే కంప్యూటర్ మొత్తం వాళ్ల చేతికి పోయినట్టే.

అయితే ఇంటర్నెట్‌లో ఎక్కడో కూర్చుని ఇది చేయడం కుదరదు. దాడి చేసేవాళ్లు అదే నెట్‌వర్క్‌లో ఉండి, అసలు సర్వర్ కంటే ముందే దొంగ జవాబు పంపాలి. ఎవరైనా కేబుల్ గుచ్చుకోగలిగే ల్యాబ్‌లో అదేమంత కష్టం కాదు.

కేలిబ్‌సీ 1.5.22లో దీన్ని సరిచేశారు. కానీ 2018లో రెడ్‌హ్యాట్ లినక్స్ 6, 7 వెర్షన్లలో దాదాపు ఇదే తరహా లోపం మళ్లీ కనిపించింది. దాన్ని గూగుల్ భద్రతా పరిశోధకుడు ఫెలిక్స్ విల్‌హెల్మ్ కనిపెట్టారు. అప్పుడూ దారి డీహెచ్‌సీపీ జవాబే, దక్కేది రూట్ అధికారమే.

మీ ఆఫీసులోనో, పిల్లల కాలేజీలోనో ఇలాంటి ల్యాబ్ ఉంటే నిర్వాహకుల్ని రెండు విషయాలు అడగండి. బూట్ ఇమేజ్‌ను చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారు? దొంగ డీహెచ్‌సీపీ జవాబుల్ని ఆపే ‘డీహెచ్‌సీపీ స్నూపింగ్’ సదుపాయాన్ని నెట్‌వర్క్ స్విచ్‌లో ఆన్ చేశారా? చాలా స్విచ్‌లలో అది ఉంటుంది, ఎవరో ఒకరు ఆన్ చేయాలంతే.