కాకతాళీయమా? చికిత్సయా?

తెల్లవారుజామున బావికడ చేద లాగబోయిన గృహస్థు 'అమ్మా' యని అట్లే వంగిపోవును. నడుము పట్టివేసినది. లేచుటకు వీలు కాదు. కూర్చుండుటకు వీలు కాదు. ఇంటివారు కాపడము పెట్టుదురు, తైలము మర్దింతురు. మూడవనాడు పొరుగింటి ముసలమ్మ వచ్చి, "ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లాడెవడైనా వీధిలో లేడటే? వాడిచేత మీ ఆయన నడుం మీద మూడుసార్లు తన్నించవే, అమ్మాయీ" అనును. పిల్లవాడు వచ్చి తన్నును. మఱి రెండు దినములకు నొప్పి సర్దుకొనును. వాని పాదమహిమ ఊరెల్ల వ్యాపించును. మన పల్లెలలో ఈ నమ్మకము నెఱుగనివారు అరుదు.

ఇట్టి సందర్భమునకు మన పూర్వులు చక్కని పేరు పెట్టిరి: కాకతాళీయము. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలినది. అదే క్షణమున పండు రాలినది. కాకి వ్రాలుటచే పండు రాలెనా? లేక, తొడిమ వదలిన పండు తనంత తానే రాలెనా? హఠాత్తుగా పట్టిన నడుము నొప్పి పండిన తాటిపండు వంటిది. పెక్కుమందికి అది కొన్ని వారములలో, ఏ చికిత్సయు లేకున్నను, చాలవఱకు తగ్గును. తగ్గుటకు ముందు ఎవరి చేయి సోకెనో, ఎవరి కాలు తగిలెనో, వారికే ఆ ఘనత దక్కును. కావుననే ఒక చికిత్స నిజముగా పనిచేసినదా యని తేల్చుట తోచినంత సులభము కాదు.

ఈ చిక్కు నేడు కైరోప్రాక్టిక్ అను చికిత్స విషయమున ఎదురగుచున్నది. వెన్నుపూసలను, కీళ్ళను చేతులతో ఒక్క ఊపున నొక్కి సవరించు విధానమిది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఇది పరిచితమే. హైదరాబాదులోను ఈ చికిత్సాలయములు వెలసినవి. మెడ త్రిప్పగనే 'టక్కు'మను శబ్దము, వెంటనే రోగి ముఖమున చిఱునవ్వు - ఇట్టి దృశ్యములు సెల్‌ఫోనులలో విద్యార్థులు సైతము చూచుచున్నారు. నొప్పితో బాధపడువాడు ధనము వెచ్చించి అచటికి పోదగునా?

దీని పుట్టుక విచిత్రమైనది. డేనియల్ డేవిడ్ పామర్ 1845లో కెనడా దేశమున జన్మించెను. అమెరికా చేరి, బడిపంతులుగా, తేనెటీగల పెంపకందారుగా, కిరాణా వర్తకునిగా జీవించి, తుదకు అయోవా రాష్ట్రములోని డావెన్‌పోర్టు పట్టణమున అయస్కాంతశక్తితో రోగములు కుదుర్చు వైద్యుడనని చెప్పుకొనెను. అతడున్న భవనమును శుభ్రపఱచు హార్వీ లిల్లార్డు అను నల్లజాతి పనివాడు పదునేడేండ్లుగా చెవుడుతో బాధపడుచుండెను. 1895 సెప్టెంబరులో పామర్ అతని వీపున ఒక ఎముక తొలగియున్నదని తలచి నొక్కెను. వినికిడి మరలి వచ్చినదని ప్రకటించెను. శామ్యూల్ వీడ్ అను మతాచార్యుడు గ్రీకు భాషలోని 'చేయి', 'క్రియ' అను అర్థములుగల పదములను కూర్చి ఈ విద్యకు పేరు పెట్టెను. మనము 'హస్తక్రియ' యనవచ్చును. నూటికి 95 రోగములు వెన్నుపూసలు తొలగుటచేతనే కలుగునని పామర్ 1910లో వెలువరించిన గ్రంథమున వ్రాసెను.

ఒక్క కాకి, ఒక్క పండు. వానిపై ఒక మహాసిద్ధాంతమే లేచినది. కాని వినికిడి నాడి కపాలము లోపలనే సాగి మెదడును చేరును. వెన్నెముక దారిని పోనే పోదు. సకలరోగములకు వెన్నుపూసలే మూలమను వాదమునకు శరీరశాస్త్రమున ఆధారము లభింపలేదు.

ఆ 'టక్కు'మను శబ్దము మాటయు అంతే. ఎముక తన చోటికి చేరిన చప్పుడని పెక్కురు తలంతురు. మనము మెటికలు విఱుచుకొన్నపుడు వినవచ్చు చప్పుడును అట్టిదే. కీలులోని ద్రవమున వాయుకుహరము ఏర్పడుటచే ఆ శబ్దము కలుగునని కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఎమ్మారై యంత్రముతో చిత్రించి చూపిరి. చప్పుడు నిజమే, ఎముక స్థానము మారినదనుటకు మాత్రము అది సాక్ష్యము కాదు.

అయితే సిద్ధాంతము తప్పైనంత మాత్రమున చికిత్స వ్యర్థమనరాదు. వేపపుల్ల నమలు రైతునకు రసాయనశాస్త్రము తెలియకపోవచ్చును. పండ్లు శుభ్రపడుట మానవు. అమెరికా వైద్యసంఘము ఈ వృత్తిని వెలివేయ జూచినపుడు కొందఱు కైరోప్రాక్టరులు 1976లో న్యాయస్థానమున దావా వేసి 1987లో గెలిచిరి. కాని ఆ తీర్పు సాటి వృత్తివారిని కూడబలుకుకొని బహిష్కరింపరాదని చెప్పినదే కాని, హస్తక్రియ ఏ నొప్పిని ఎంత తగ్గించునో చెప్పలేదు. దానిని పోల్చి చూచు పరీక్షయే తేల్చవలెను.

అట్టి పరీక్షలును జరిగినవి. 1998లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనలో నడుము నొప్పిగల 321 మందిని చీట్లు వేసిన రీతిగా జట్లుగా విభజించిరి. ఒక జట్టునకు కైరోప్రాక్టిక్ చికిత్స. మఱియొక జట్టునకు ఫిజియోథెరపీ. వేఱొక జట్టునకు నడుము సంరక్షణను దెలుపు చిన్న పుస్తకము మాత్రమే. మొదటి రెండు జట్లును సరిసమానముగా నిలిచినవి. పుస్తకము చదివిన జట్టు కొలదిగా మాత్రమే వెనుకబడినది. ఖర్చున మాత్రము చాల లాభపడినది. పుస్తకములనే నమ్ముకొన్న ఉపాధ్యాయులకు ఇంతకన్న సంతోషకరమైన వార్త వేఱొకటి యుండదు!

2017లో కొందఱు పరిశోధకులు కొత్తగా పట్టిన నడుము నొప్పిపై జరిగిన 26 పరీక్షలను సమీక్షించిరి. నొప్పిని 100 అంకెల కొలబద్దతో కొలిచినచో, హస్తక్రియ పొందినవారికి ఇతరులకంటె సగటున సుమారు 10 అంకెలు అధికముగ తగ్గినది. అది శూన్యము కాదు, అద్భుతమును కాదు. అదే సంవత్సరము అమెరికా వైద్యుల కళాశాల కాపడము, మర్దనములతోపాటు దీనిని గూడ మందులు లేని మార్గములలో చేర్చినది. బ్రిటనులోని జాతీయ వైద్యప్రమాణ సంస్థ 2016లో దీనిని వ్యాయామముతో కలిపి మాత్రమే వాడవచ్చునన్నది. చెవుడునకు, ఉబ్బసమునకు ఇది పనిచేయుననుటకు నమ్మదగిన ఆధారము లేదు.

నష్టముల లెక్కయు చూడవలెను. చికిత్స పిదప ఒకటి రెండు దినములు ఒళ్ళు నొప్పులుండుట సామాన్యము. మెడ సంగతి వేఱు. మెడను వేగముగ త్రిప్పిన పిదప మెదడునకు రక్తము గొనిపోవు ధమని లోపొర చినిగి పక్షవాతము కలిగిన సంఘటనలు వైద్యగ్రంథములకు ఎక్కినవి. అవి మిక్కిలి అరుదు. ఆ చినుగే ముందు కలిగి మెడనొప్పి పుట్టించియుండవచ్చునను వాదమును కలదు. అయినను లాభము స్వల్పమైనచోట, నష్టము ప్రాణాంతకము కాగలిగినచోట, 'అరుదు' అను మాట ధైర్యము చాలదు.

నడుము నొప్పితోపాటు జ్వరము, కారణము లేని బరువు తగ్గుదల, కాలు పట్టు తప్పుట, తొడల నడుమ తిమ్మిరి, మూత్రము బిగియుట లేక అదుపు తప్పుట - వీనిలో ఏది కనబడినను ఏ హస్తక్రియకును వేచియుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఎముకలు గుల్లబారిన వృద్ధులును, దెబ్బ తగిలినవారును ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

మిగిలినవారు మంచము పట్టక, ఓర్చుకొనగలిగినంత నడచుచు, దినకృత్యములు సాగించుట మేలు. ఆపై హస్తక్రియ కోరువాడు నడుమునకు మాత్రమే, శిక్షణ పొందినవానికడ, కొన్ని వారముల గడువు పెట్టుకొని ప్రయత్నింపవచ్చును. గుణము కనబడనిచో మానవలెను. జీవితాంతము నెలనెలయు వెన్ను సవరించుకొనవలెనను మాటకు మాత్రము తల యూపరాదు.

కాకి వ్రాలుట నిజము; పండు రాలుట నిజము. ఆ రెండింటి నడుమ 'అందువలన' అను మాటను చేర్చుటకు ముందు ఒక్క క్షణము ఆగి విచారించుట బడిలో నేర్వదగిన విద్య. నడుము నొప్పి కలిగిననాడు ఆ విద్య అక్కఱకు వచ్చును.