విజ్ఞానమునకు ఇంటి ప్రతి

ఛత్రినాక సందులలోని విద్యార్థి నేడు అమెరికాలోని పరిశోధన వ్యాసమును చేతిఫోనులో క్షణమున తెరచి చదువగలడు. ఇది సహజమని ఆతడు తలచుట వింత కాదు. కాని 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ మన దేశప్రజలకు ఇంటర్నెట్టును తెరచిన దినములలో టెలిఫోను తీగపై అక్షరములు చీమలబారువలె వచ్చెడివి. సముద్రము దాటు మార్గ మిరుకు. పూనాలో నొకరు, చెన్నపట్నమున నొకరు, హైదరాబాదున నొకరు ఒకే వ్యాసమును కోరినచో నది మూడుమార్లు సముద్రము దాటవలసి యుండెను.

అందులకు శాస్త్రజ్ఞులు కనుగొన్న యుపాయమే మిర్రరు. అనగా విదేశ భాండాగారమునకు సరిప్రతిని స్వదేశ యంత్రముపై నిలుపుట. రద్దీ తగ్గిన రాత్రివేళ మారిన ఫైళ్లను మాత్రము తెచ్చి చేర్చిన చాలును. ఏరు వచ్చినప్పుడు చెరువు నింపుకొని యేడాది పొడుగున వాడుకొను మన రైతునకు దీనిని వేరుగ బోధింప నక్కరలేదు. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమాస్‌నందు నెలకొల్పిన ఆర్కైవ్‌నకు చెన్నపట్నపు గణితశాస్త్ర సంస్థయు, నాసా ఖగోళ వ్యాసనిధికి పూనాలోని అయూకాయు ప్రతుల నుంచినవి. మన హైదరాబాదు సి.డి.ఎఫ్.డి. ఐరోపా జీవశాస్త్ర జాలమగు ఎంబ్‌నెట్‌నకు భారత కేంద్రమై యుండెను.

తీగలు వేగవంతములైనవి, ఇక ప్రతులేల యని కొంద రందురు. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా సమీపమున సముద్రగర్భపు తీగలు తెగినప్పుడు మన దేశపు ఇంటర్నెట్టు కుంటువడిన సంగతి వారు మరచిరి కాబోలు!

అంతకన్న దగ్గరి నిదర్శనము కలదు. రాజ్ రెడ్డిగారి ప్రోత్సాహమున సాగిన పదిలక్షల పుస్తకముల యుద్యమమున హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పాలుగొని వేలకొలది తెలుగు గ్రంథములను స్కాన్ చేయించెను. ఆ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు 2017 నాటికి మూతపడెను. గ్రంథములు నశింపక నిలుచుటకు కారణము, కార్ల్ మలమూద్ ముందుచూపుతో వాని ప్రతులను శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌నకు చేర్చుటయే. ఆయనకు తెలుగువారు ఋణపడి యున్నారు. అయినను ఛత్రినాక బాలుడు తన తాతగారు చదివిన తెలుగు పుస్తకమును వెదకినచో అది మహాసముద్రముల కావలినుండి రావలసి యుండుట మాకు సిగ్గు గొలుపుచున్నది.

డిస్కుల వెల నేడు పెద్దది కాదు. వానిని కనిపెట్టి యుండు మనుష్యులకు ఏటేట జీతము కావలెను. స్వత్వకాలము తీరిన తెలుగు గ్రంథముల సరిప్రతిని హైదరాబాదుననే యుంచి, ఎల్లరకు ఉచితముగా తెరచి, ఆ జీతమునకు బడ్జెట్టున పద్దు చూపవలెనని రెండు తెలుగు ప్రభుత్వములను మేము కోరుచున్నాము.