వాకిట్లో బండలు పరిపించబోతున్నారా?

చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే ఇంటిముందు వాకిలిని బండలతో పరిపించుకోవాలని చాలామందికి బుద్ధి పుడుతుంది. బురదకాళ్లతో ఇల్లంతా తిరిగే పిల్లల్ని రోజూ కేకలెయ్యడం కంటే అది మంచి పనే. అయితే తాపీమేస్త్రి రాగానే అందరూ అడిగేది, "ఎన్ని రాళ్లు పడతాయి?" అని. ముందు అడగవలసింది అది కాదు, "వాననీరు ఎటు పోతుంది?" అని.

మట్టివాకిలి కొంత నీటిని తాగేస్తుంది. బండలు తాగవు. పడ్డ నీరంతా ఎటో ఒకవైపు నడిచి తీరాలి. వాటం ఇంటివైపు వుందంటే నీరు గోడ మొదట్లో నిలుస్తుంది, లోపలివైపు పూత పెచ్చులూడుతుంది. అప్పుడు బండలు పీకించడమంటే పెట్టిన డబ్బు మట్టిలో పోసినట్టే. అంచేత ఇంటినుంచి బయటికి ప్రతి 6 అడుగులకూ 1 అంగుళం వాటం వుండేట్టు చూసుకోండి. 12 అడుగుల వాకిలికి మొత్తం 2 అంగుళాలన్నమాట. ఈశాన్యానికే నీరు పోవాలని పెద్దవాళ్లు పట్టుబడతారు. వీధికాలవ ఆ మూలనే వుంటే సంతోషమే. లేకపోతే కాలవ ఎక్కడుందో అక్కడికే పంపాలి. వానకు వాస్తు తెలియదు!

ఇక రాళ్ల లెక్క. వాకిలి 20 అడుగుల పొడుగు, 12 అడుగుల వెడల్పు అనుకుందాం. 240 చదరపు అడుగులు. రెండడుగుల రాయి 4 చదరపు అడుగులు కాబట్టి 60 రాళ్లు చాలునని ఎవరైనా నోటితోనే చెబుతారు. ఇక్కడే దెబ్బ తింటాం. రెండడుగుల రాయి అని అమ్మేది, అంచులు కోశాక, 22 అంగుళాలే వుండవచ్చు. దుకాణంలోనే టేపు పెట్టి కొలవండి, మొహమాటపడకండి.

22 అంగుళాల రాయి, పావంగుళం సందు. పొడుగునా 10 రాళ్లు పరిచాక ఇంకా 17 అంగుళాల పైచిలుకు మిగులుతుంది. దానికీ ఒక రాయి కొయ్యాల్సిందే. అంటే వరసకు 11. వెడల్పులో 6 వరసలు నిండుగా పడి పదిన్నర అంగుళాలు మిగులుతుంది. ఈ చివరి వరసకు ఒక్కో రాయిని రెండుగా కోస్తే 6 రాళ్లు సరిపోతాయి. 66, 6 కలిపి 72. విరిగేవాటికి మరో 4. మొత్తం 76! అరవైకీ దీనికీ ఎంత తేడానో చూశారుగా? తక్కువ పడితే మళ్లీ తెచ్చుకోవచ్చులే అనుకోవద్దు. మరో లోడు రాయి రంగు కలవదు. వాకిట్లో అతుకు వేసినట్టు కనిపిస్తుంది.

రాయి కింద మాలు 2 అంగుళాల మందం వేస్తే 40 ఘనపు అడుగులు. నీళ్లు పోసి కలిపితే సిమెంటూ ఇసకా కుంగుతాయి గనుక మూడోవంతు చేర్చి 53 అనుకోండి. ఒకటికి ఆరు పాళ్లయితే సిమెంటు 6 బస్తాలు, సందులు నింపడానికి ఒకటి, వెరసి 7. ఇసక 45 ఘనపు అడుగులు. తడి ఇసక ఉబ్బి వుంటుంది, పావువంతు ఎక్కువ తెప్పించండి. అడుగున 4 అంగుళాల కాంక్రీటు వేయదలిస్తే అదొక 80 ఘనపు అడుగులు. దాని సిమెంటు వేరు.

ఏ రాయి అంటారా? తాండూరు, షాబాదు, బేతంచెర్ల రాళ్లూ, కడప నల్లరాయీ అన్నీ సున్నపురాయి జాతివే. నల్లరాయి ఎండకు బాగా కాలుతుంది. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా బట్టలారెయ్యడానికి వెళ్లే ఇల్లాలిని అడగండి. నునుపు పట్టించిన రాయి లోపలికే గాని వాకిట్లోకి వద్దు. తడిస్తే జారుతుంది, ఇంట్లో ముసలివాళ్లుంటే మరీ ప్రమాదం. సిమెంటు మరకలు పోవాలని పనివాళ్లు యాసిడ్ పోయబోతే వెంటనే ఆపించండి. యాసిడ్ సున్నపురాయిని తినేస్తుంది.

పరచడం పూర్తయ్యాక వారం రోజులు తడుపుతూ వుండండి. మిగిలిన నాలుగు రాళ్లనూ పారేయకుండా పెరటిగోడకు చేరవేయించండి. రేపు కుళాయి గొట్టం కోసం వాకిలి తవ్వవలసి వస్తే, అదే రంగు రాయి మీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు.