క్రాంకుషాఫ్టు – రోలరు బేరింగులు

ఇంజనులో పిస్టను పైకి క్రిందికి కదలును. చక్రమునకు కావలసినది భ్రమణము. ఈ మార్పును సాధించునది క్రాంకుషాఫ్టు. అది తిరుగు చోట, కనెక్టింగు రాడు దానిని పట్టుకొను చోట బేరింగు లవసరము. ఇవి ముఖ్యముగా రెండు విధములు. ఏది ఎచట తగునో, ఏల తగునో ఇచట వివరింపగోరుచున్నాము.

మొదటిది సాదా బేరింగు. మెత్తని లోహపు పూతగల రెండు చిప్పల నడుమ షాఫ్టు తిరుగును. పంపు అందించు నూనె పలుచని పొరయై లోహము లోహమును తాకకుండ కాపాడును. భారము విశాలముగా పంచబడును, చప్పుడు తక్కువ. చిప్పలు రెండుగా విడివడును గనుక ఏకఖండమైన షాఫ్టుకు సులభముగా అమరును. కార్లలో, లారీలలో సామాన్యముగా నున్నది ఇదియే.

రెండవది రోలరు బేరింగు. బరువును ఈడ్చుటకన్న దొర్లించుట తేలిక గదా! ఉక్కు రోలర్లు దొర్లుటచే ప్రారంభఘర్షణ స్వల్పము. కొద్దిపాటి నూనెయే చాలును. 1961లో మైసూరున తయారీ మొదలైన జావా, తరువాతి యెజ్డీ వంటి టూ స్ట్రోకు వాహనములలో పెట్రోలున కలిపిన నూనెయే క్రాంకుకు కందెన. అట్టి చోట రోలరు బేరింగు తప్పనిసరి.

అయితే దీనికి మూల్యము కలదు. రోలర్ల వలయము సాధారణముగా విడివడదు. కావున షాఫ్టునే ముక్కలుగా చేసి, ప్రెస్సుతో బిగింపవలెను. 1954 నాటి మెర్సిడెస్ డబ్ల్యు 196 పందెపు కారులో రోలరు బేరింగులు వాడిరి. కాని కనెక్టింగు రాడు వద్ద రోలర్ల వేగము ప్రతి చుట్టులోను పెరుగుచు తరుగుచుండును. అతివేగమున అవి దొర్లక జారును. సాదా బేరింగుల లోహములు, నూనెలు మెరుగుపడగా కార్లు ఈ మార్గమును విడిచినవి.

నేడు టూ స్ట్రోకు వాహనములు అరుదైనను, ఒకే సిలిండరుగల పెక్కు చిన్న ఫోర్ స్ట్రోకు మోటారు సైకిళ్ళలో కనెక్టింగు రాడు క్రిందికొనను రోలరు బేరింగే కలదు. కొద్ది నూనె చాలుననగా నూనె అక్కరలేదని కాదు. పాత టూ స్ట్రోకు బండిని థ్రాటిలు మూసి, గేరులోనే ఘాటురోడ్డున చాలాదూరము దింపినచో, పెట్రోలుతోబాటు నూనెయు తగ్గును. ఇంజను మాత్రము వేగముగ తిరుగుచునే యుండును. నడుమనడుమ థ్రాటిలు తెరచుట అందుకే. బేరింగు చెడినచో చిప్పలు మార్చినంత సులువు కాదు. ఇంజనంతయు విప్పి, షాఫ్టును విడదీసి, తిరిగి బిగించి, డయల్ గేజితో వంకర సరిచూడవలెను. బండియే జీవనాధారమైన వానికి అన్ని దినముల కూలి పోవును.

కావున విద్యార్థి మిత్రులు ఏ బేరింగు గొప్పదని గాక, ఆ ఇంజనులో నూనె ఏ త్రోవన వచ్చునని ముందు ప్రశ్నించుట మేలని మా మనవి.