ఓవెన్ మార్చే ముందు సెన్సార్‌ను పరీక్షించండి

ఋణసహాయంతో బేకరీ నడుపుతున్న సోదరీసోదరులకు ఒక మనవి. ఒకే వేడి అమర్చినను రొట్టెలు ఒకనాడు మాడి, మరునాడు పచ్చిగా మిగిలితే, ఓవెన్ చెడినదని కొత్తదానికై అప్పు చేయకండి. దోషం ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్‌లో ఉండవచ్చును.

ముందుగా కరెంటు పూర్తిగా ఆపించి, ఓవెన్‌ను చల్లారనివ్వండి. పిమ్మట ఎలక్ట్రీషియన్‌చే సెన్సార్ తీగలను విడదీయించి, మల్టీమీటరుతో నిరోధాన్ని కొలిపించండి. పిటి-100 రకమైతే, వేర్వేరు రంగుల తీగల మధ్య 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 112 ఓములు చూపాలి. అంతులేని నిరోధం చూపితే లోపల తీగ తెగినట్లు. సున్నాకు చేరువైతే తీగలు కలిసిపోయినట్లు. అప్పుడు అదే రకం సెన్సార్‌ను అమర్చుకుంటే చాలును. కొలత సరిగా ఉంటే తీగల బిగింపును, కంట్రోలరును చూపించండి.

డీలర్లు ఈ చిన్న భాగాన్ని నిల్వ ఉంచగలిగితే బేకరీ మూతపడదు, బ్యాంకు వాయిదా గడువు దాటదు.