ఆరు వారాలు ఆగే సబ్బు

కాస్టిక్ సోడా లేకుండా సబ్బు బిళ్ల తయారు కాదు. చేత్తో చేసిన సబ్బులు ఆర్డర్ పెట్టాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. ఎందుకంటే ఈ వ్యాపారంలో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట ‘కెమికల్స్ లేని సబ్బు’. నూనె, సోడా కలిసి రసాయన చర్య జరిగితేనే సబ్బు, దాంతోపాటు గ్లిజరిన్ పుడతాయి. లెక్క సరిగ్గా ఉంటే చర్య పూర్తయ్యాక సోడా మిగలదు. ‘మేం సోడా వాడం’ అని ఎవరైనా అంటే వాళ్లు రెడీమేడ్ సబ్బు బేస్ కొని, కరిగించి, రంగూ వాసనా కలిపి అచ్చుల్లో పోస్తున్నారని అర్థం. సోడా పని మరో ఫ్యాక్టరీలో ముందే అయిపోయింది. లేదంటే అది సబ్బే కాదు, డిటర్జెంట్ బార్.

బేస్ కరిగించి పోయడం తప్పు కాదు. ఆ పనిలోనూ మంచి చేయి ఉన్నవాళ్లున్నారు, పిల్లల పుట్టినరోజు కానుకలకి అవి ఎంతో బాగుంటాయి. అయితే అలాంటి సబ్బు పొద్దున పోస్తే సాయంత్రానికి అమ్మకానికి సిద్ధం. ఆరు వారాలు ఆగి చేసిన సబ్బు ధర దానికి అడగడం న్యాయం కాదు. అందుకే ఆర్డర్ పెట్టేముందు వేయాల్సిన మొదటి ప్రశ్న: ‘అండీ, ఇది బేస్ నుంచి చేసిందా, నూనెల నుంచి మీరే చేసిందా?’ రెండోది: ‘ఏ తేదీన పోశారు?’

నూనెల నుంచి చేసే ఈ పద్ధతిని తయారీదారులు కోల్డ్ ప్రాసెస్ అంటారు. మనం కట్టే డబ్బు ఎక్కడికి పోతుందో తెలియాలంటే ఆ పనిని కాస్త దగ్గర్నుంచి చూడాలి. ఏ నూనెకి ఎంత సోడా పడుతుందో ఒక లెక్క ఉంది. గ్రాము కొబ్బరి నూనెకి సుమారు 0.183 గ్రాములు కావాలి. నువ్వుల నూనెకి 0.134, ఆముదానికి 0.128. అరకిలో కొబ్బరి నూనె, 400 గ్రాముల నువ్వుల నూనె, 100 గ్రాముల ఆముదం కలిపి కిలో తీసుకున్నారనుకోండి. మూడింటికీ కలిపి 158 గ్రాముల సోడా పడుతుంది. పని తెలిసినవాళ్లు అంతా వేయరు. ఐదు శాతం తగ్గించి 150 గ్రాముల దగ్గర ఆపుతారు. అప్పుడు కొంచెం నూనె సబ్బుగా మారకుండా మిగిలి, ఒంటికి రాసుకున్నప్పుడు చర్మం బిగుసుకుపోకుండా చూస్తుంది. దీన్ని సూపర్‌ఫ్యాట్ అంటారు. చర్మాన్ని కాపాడేది ఆ ఎనిమిది గ్రాముల తేడానే. లెక్క అటు తప్పి సోడా మిగిలిపోతే ఒళ్లు మండుతుంది. గ్లాసులతో, చెంచాలతో కొలిచి చేసిన సబ్బు ఎంత దగ్గరివాళ్లు ఇచ్చినా వాడొద్దు. కాటా మీద గ్రాముల్లో తూచే చేయాలి.

తూచడం అయ్యాక సోడాని నీళ్లలో కొద్దికొద్దిగా వేస్తారు. నీళ్లని సోడా మీద ఎప్పుడూ పోయరు, పోస్తే పొంగి మొహం మీదకి చిమ్ముతుంది. పొయ్యి మీద పెట్టకుండానే ఆ నీళ్లు సలసలా వేడెక్కి ఘాటైన ఆవిరి కొడతాయి. అందుకే చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. సోడా నీళ్లు చల్లారాక నూనెల్లో పోసి బ్లెండర్ తిప్పుతారు. పల్చగా ఉన్న మిశ్రమం కాసేపటికి చిక్కబడి, గరిటె ఎత్తితే జారిన ధార పైన గీతలా నిలుస్తుంది. వాసన కలపాల్సిందీ, అచ్చులో పోయాల్సిందీ అప్పుడే. ఒకరోజు ఆగి తీగతో ముక్కలు కోసి, గాలి తగిలేలా అరల్లో పేరుస్తారు.

నూనె సబ్బుగా మారడం ఒకటి రెండు రోజుల్లోనే దాదాపు పూర్తవుతుంది. మిగతా నాలుగు నుంచి ఆరు వారాలు నీరు ఆరడానికి, ముక్క గట్టిపడటానికి, నురుగు మెత్తబడటానికి. ఈ గడువు ఇవ్వని సబ్బు సోప్‌బాక్సులో వారానికే కరిగిపోతుంది. చాలా పెద్ద ఫ్యాక్టరీలు గ్లిజరిన్‌ని వేరుచేసి విడిగా అమ్ముకుంటాయి. చేతి సబ్బులో అది అలాగే ఉండిపోతుంది. తేమని పట్టి ఉంచే గుణం దానిదే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో వానాకాలం ఈ సబ్బుల మీద చెమట బిందువులు కనిపించేదీ అందుకే. చూసి చెడిపోయిందని పారేయకండి. చిల్లులున్న పెట్టెలో ఆరనిస్తే చాలు. మీద తెల్లటి పొడిలా పేరుకున్నా భయం లేదు, తుడిస్తే పోతుంది. నారింజ రంగు మచ్చలు పడి, పాత పల్లీల్లా నూనె కంపు వస్తే మాత్రం అందులోని నూనె పాడైనట్టే. అలాంటిది వస్తే ఫొటో తీసి తయారీదారుకి పంపండి. మంచివాళ్లయితే ఆ బ్యాచ్ మొత్తాన్నీ చూసుకుంటారు.

రంగు గురించి ఒక్క సంగతి చెప్పాలి, పసుపు సబ్బుతో మోసపోయామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది కదా, సబ్బులో సోడా తగిలినా జరిగేది అదే. పోసినప్పుడు పసుపు ఇటుక రంగుకి తిరుగుతుంది, వారాలు గడిచేకొద్దీ వెలుతురుకి వెలిసిపోతుంది. గులాబీ రేకులు సబ్బు లోపల గోధుమరంగుకి మారతాయి. మందారం ఎరుపు నిలవదు. కాబట్టి పొడి పసుపుతో, పూలరేకులతో చేసిన సబ్బు ఫొటోలో మెరిసే రంగుల్లో ఉండదు. మెరుస్తోందంటే వేరే రంగు కలిపారని అర్థం. అది అనుమతి ఉన్న రంగైతే ఇబ్బంది లేదు, కలిపామని చెప్తే చాలు.

వాసనల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కిలో గులాబీ నూనె తీయాలంటే మూడున్నర, నాలుగు వేల కిలోల రేకులు పడతాయి. మల్లెపూల వాసన ఆవిరి వేడికి సరిగా నిలవదు కనుక ఎక్కువగా ద్రావకాలతో సారం తీస్తారు, అదీ చాలా ఖరీదు. నూట యాభై రూపాయల సబ్బులో ‘అసలైన గులాబీ నూనె’ ఘుమఘుమలాడేంత ఉండటం లెక్కకి కుదరదు. మామిడిపండు, స్ట్రాబెర్రీ వాసనలకైతే పండు నుంచి తీసే పరిమళ తైలమే లేదు, అవన్నీ ల్యాబ్‌లో తయారైనవే. ఇక మన శేషాచలం ఎర్రచందనం. దాని కలపకి గొప్ప రంగు ఉంది, చెప్పుకోదగ్గ వాసన లేదు. ‘ఎర్రచందనం పరిమళం’ అని రాసి ఉంటే ఆ వాసన ఎక్కడిదో అడగండి.

కృత్రిమ పరిమళం అంటే విషమని నేను అనడం లేదు. పరిమాణం మించకుండా వాడితే అది సురక్షితమే. చెట్టు నుంచి వచ్చిందంతా చర్మానికి పడుతుందన్న నమ్మకమూ సరికాదు. తొక్క నుంచి పిండిన నిమ్మజాతి నూనెల్లో కొన్ని ఒంటికి రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి మచ్చలు పడతాయి. లావెండర్‌లో సహజంగా ఉండే లినలూల్ కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది. ఐరోపా సమాఖ్య లేబుల్ మీద విడిగా రాయాలన్న అలర్జీ పరిమళాల జాబితాని 2023లో 26 నుంచి దాదాపు 80కి పెంచింది. వాటిలో సహజమైనవి చాలా ఉన్నాయి. కొత్త సబ్బైనా అత్తరైనా మోచేతి మడతలో రాసి ఒక రోజు చూశాకే ఒంటికి వాడాలి. చంటిపిల్లలకి వాసన లేనిదే అడగండి.

అత్తర్ల సంగతి వేరు. మన దేశంలో చేతి పరిమళాలకి పుట్టినిల్లు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్. 2014లో కన్నౌజ్ పరిమళానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ ఇప్పటికీ రాగి డేగిశాలో పూలు, నీళ్లు పోసి, మూత చుట్టూ బంకమట్టి, దూదితో మూసి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్లతొట్టిలో చల్లబడుతున్న రాగి పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రలో ముందే చందన తైలం ఉంటుంది. పూల వాసనని పట్టి ఉంచేది అదే. నీళ్లు వేరుచేసి, కొత్త పూలు వేసి, రోజుల తరబడి మళ్లీ మళ్లీ బట్టీ పడతారు. కాల్చిన మట్టి బిళ్లల నుంచి తొలకరి వాసన తీసే మిట్టీ అత్తరు కూడా ఇలాగే వస్తుంది. కేవడా అత్తరుకి మొగలిపూలు ఎక్కువగా శ్రీకాకుళం పక్కనే ఉన్న ఒడిశా గంజాం జిల్లాలోవి.

చందన తైలం ధర చుక్కలనంటడంతో ఇప్పుడు చాలాచోట్ల దాని బదులు లిక్విడ్ పారఫిన్ వంటివి వాడుతున్నారు. అందుకే అత్తరు కొనేటప్పుడు అసలు ప్రశ్న ‘ఏ పువ్వు?’ కాదు, ‘బేస్ ఏది?’ చార్మినార్ చుట్టుపక్కల పాత అత్తరు దుకాణాల్లో కొనేవాళ్లు మణికట్టు మీద రాయించుకుని, బజారంతా తిరిగొచ్చి అప్పుడు బేరం మొదలుపెడతారు. మంచి పద్ధతి. మొదటి పది నిమిషాల్లో వచ్చే వాసన ఎగిరిపోయేది, గంటల తర్వాత మిగిలేదే మనతో ఉండేది. దూరం నుంచి ఆర్డర్ పెట్టేవాళ్లకి ఆ వీలుండదు కనుక ముందు ఒకటి రెండు మిల్లీలీటర్ల శాంపిల్ తెప్పించుకోండి. శాంపిల్ ఇవ్వనివాళ్ల దగ్గర పెద్ద సీసా కొనకండి. ఎండాకాలానికి వట్టివేరు అత్తరు మించింది నాకు కనిపించలేదు. ఆల్కహాల్ కలిపిన స్ప్రేలు మండే సరుకు కనుక కొరియర్‌వాళ్లు విమానంలో పంపరు. రోడ్డు మీదే వస్తాయి, నాలుగు రోజులు ఆలస్యమైతే తయారీదారుని తప్పుపట్టొద్దు.

బోరు నీళ్ల మీద బతికే ఇళ్లకి ఒక మాట. ఆ నీటిలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి జిడ్డులా పేరుకుంటుంది. ఒంటి మీద, బకెట్ అంచున కనిపించేది అదే. సబ్బు లోపం కాదు. మీ నీళ్లు ఎలాంటివో ముందే చెప్తే కొబ్బరి నూనె వాటా ఎక్కువున్న బార్ సూచిస్తారు, అది అలాంటి నీళ్లలోనూ నురగ ఇస్తుంది. తలకి మాత్రం ఆ నీళ్లతో ఈ సబ్బు వద్దు, జుట్టు అట్టకడుతుంది. కుంకుడుకాయే మేలు.

చట్టం మాట. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం అమ్మకానికి సబ్బులు, పరిమళాలు తయారు చేయాలంటే రాష్ట్రంలోని ఔషధ నియంత్రణ అధికారుల నుంచి లైసెన్స్ ఉండాలి. ఇంట్లో చేస్తున్నామన్నది మినహాయింపు కాదు. సొంత యూనిట్ పెట్టుకోలేనివాళ్లు లైసెన్స్ ఉన్న మరో యూనిట్‌లో తయారు చేయించుకునేందుకు లోన్ లైసెన్స్ తీసుకోవచ్చు. లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, ఏమేం కలిపారు, నికర బరువు, గరిష్ఠ ధర ఉండాలి. ఇవి అడగడం అనుమానించడం కాదు. లైసెన్స్ కోసం ఖర్చుపెట్టి, కాగితాల చుట్టూ తిరిగిన మహిళా తయారీదారుకి మన ప్రశ్న వల్ల మేలే జరుగుతుంది. ఏమీ లేకుండా అమ్మేవాళ్ల తక్కువ ధరతో ఆమె పోటీపడుతోంది మరి. తామర పోతుంది, సోరియాసిస్ తగ్గుతుంది అని రాసిన సబ్బుని పక్కన పెట్టేయండి. రోగం తగ్గించేది మందు, దానికి దారి వేరు.

ఇంత అడిగాక మన వైపు నుంచీ కొన్ని బాధ్యతలున్నాయి. చిన్న తయారీదారు సరుకు గోదాములో ఉండదు, అరల మీద ఆరుతూ ఉంటుంది. 2025లోలా కొబ్బరి నూనె ధర అమాంతం పెరిగినప్పుడు పెద్ద కంపెనీలకి ముందే కొన్న నిల్వలుంటాయి, ఆమెకి ఉండవు. కాబట్టి పోయిన ఏడాది ధరకే ఇమ్మని పట్టుబట్టొద్దు. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టించి పార్సిల్ తిప్పి పంపితే రానూపోనూ కొరియర్ ఛార్జీలు ఆమె నెత్తిమీదే. చేత్తో కోసిన ముక్కల్లో ఐదారు గ్రాములు అటూఇటూ ఉంటుంది. లేబుల్ మీద రాసిన బరువుకి తగ్గకపోతే చాలు.

పెళ్లికో శ్రీమంతానికో రిటర్న్ గిఫ్ట్‌లుగా రెండు వందల సబ్బులు కావాలని పది రోజుల ముందు ఫోన్ చేస్తే, నిజాయతీ ఉన్న తయారీదారు కుదరదనే చెప్తారు. ‘పంపేస్తాం’ అన్నవాళ్ల దగ్గరే మీరు జాగ్రత్త పడాలి. మాఘంలో ముహూర్తం ఉంటే కార్తికంలోనే శాంపిల్ తెప్పించుకుని, వాడి చూసి, సగం అడ్వాన్స్ ఇచ్చి, పోసే తేదీ రాయించుకోండి.