పట్నం పోయి పూలు చూసొద్దామా!

ఫాల్గుణం వచ్చిందంటే హైదరాబాద్ రోడ్ల పక్కన గులాబీరంగు చెట్లు... మన నకిరేకల్ చుట్టూ గుట్టల మీద నిప్పురంగు మోదుగలు. ఒకదాన్ని ఫొటో తీసుకుంటున్నాం, ఇంకోదాన్ని పేరైనా అడక్కుండా నరికేసుకుంటున్నాం!

"పట్నం ఎందుకు పోతున్నవమ్మా?" అని నకిరేకల్ బస్టాండులో ఎవరినైనా అడిగి చూడండి. ఒకావిడ దవాఖానకంటుంది. ఒకావిడ పెళ్లి బట్టలకంటుంది. ఇంకొకావిడ హాస్టల్లో ఉన్న బిడ్డకు సకినాలు ఇచ్చి రావడానికంటుంది. "పూసిన చెట్లు చూసొద్దామని" అనే మాట మాత్రం వినపడదు. అంటే నవ్వుతారేమోనని జంకు కూడానూ!

నవ్వితే నవ్వనివ్వండి. పని మానుకుని క్రికెట్ మ్యాచ్ కోసం ఉప్పల్ దాకా పోయే మగవాళ్లను ఎవరూ నవ్వడం లేదు కదా! పైగా 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. చార్జీ డబ్బుల కోసం ఇంట్లో చేయి చాచే పని తప్పింది. కావలసిందల్లా ఆధార్ కార్డు, ఒక పూట తీరిక. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. పొద్దున్నే వంట ముగించి బయల్దేరితే పొద్దుగూకేలోపు ఇల్లు చేరొచ్చు.

ఎప్పుడు ఏది పూస్తుంది?

పూలకూ ఓ పంచాంగం ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ముందుగా కనిపించేవి టబెబుయాలు. ఆకు ఒక్కటీ లేకుండా చెట్టంతా గులాబీరంగు గుత్తులతో నిండిపోయేది ఒకటి, పసుపురంగు గుత్తులతో మెరిసేది ఇంకొకటి. పువ్వు చిన్న సన్నాయిలా ఉంటుంది. ఇవి మన నేల చెట్లు కావు, అమెరికా ఖండపు వేడి దేశాల నుంచి వచ్చాయి. గులాబీరంగుది ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశానికి జాతీయ వృక్షం.

మార్చి చివర్లో, ఏప్రిల్‌లో అక్కడక్కడ వంగపండు రంగు పూలతో జకరండా కనిపిస్తుంది. ఇది దక్షిణ అమెరికాది. ఏప్రిల్ ఎండలు ముదిరేకొద్దీ పచ్చసుంకేసుల పసుపు కంకులు ఎత్తుతుంది. దాని వెనకే తురాయి, అదే మన గుల్‌మొహర్, ఎర్రగా గొడుగు విప్పుతుంది. మే నెల పూలని పిల్లలు పిలుచుకునేవి ఇవే. ఎన్నో బడుల్లో కనిపించే ఈ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి అంటే ఆశ్చర్యంగా లేదూ? ఇక ఏప్రిల్, మే నెలల్లో దీపాల తోరణాల్లా పసుపు గుత్తులు వేలాడదీసే రేల మాత్రం అచ్చంగా మనదే.

ఎక్కడ చూడాలి? ఎల్బీనగర్‌లో దిగితే మెట్రో అక్కడే ఉంది. అందులో మాత్రం టికెట్టు కొనాలి. కిటికీ పక్కన కూర్చోండి. నేల మీద నడిచేవాళ్లకు చెట్టు మొదలే కనబడుతుంది, మెట్రోలో పోయేవాళ్లకు పూత పైనుంచి కనబడుతుంది. అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్ నడిచే దూరమే. అమీర్‌పేటలో రైలు మారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దిగితే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం దగ్గర. బంగళాల నడుమ మిగిలిన అడవి ముక్క అది. లోపలికి వెళ్లే వేళలు ముందుగా కనుక్కోండి. నీళ్ల సీసా, నీడకు గొడుగు మరచిపోవద్దు.

ఆకులు రాల్చి పూయడమెందుకు?

"ఆకులే లేవు, ఇన్ని పూలెట్లా వచ్చినయి?" అని పిల్లలు అడుగుతారు. జవాబు సిద్ధంగా పెట్టుకోండి. ఆకుల్లోంచి నీరు ఆవిరై పోతూ ఉంటుంది. వానలు లేని నెలల్లో ఆ ఖర్చు భరించలేక చెట్టు ఆకులు రాలుస్తుంది. వానాకాలంలో తయారు చేసుకుని కాండంలో, కొమ్మల్లో దాచుకున్న ఆహారంతో పూస్తుంది. ఆకులు అడ్డం లేవు కాబట్టి తేనెటీగలకూ పిట్టలకూ పూలు దూరం నుంచే కనబడతాయి. వానలు పడే నాటికి గింజ సిద్ధం! నెల చివర జీతం డబ్బులు అయిపోయాక, బియ్యం డబ్బాలో దాచిన నోటు తీసి పండుగ చేసే ఇల్లాలి నేర్పే ఇది కూడా.

ఎవరో నాటితేనే...

పట్నంలో మనం నోరు తెరిచి చూసే ఆ గులాబీరంగు వరుస దానంతటది మొలిచింది కాదు. ఏ చెట్టు, ఏ రోడ్డు పక్కన, ఎంత ఎడంగా అని ఎవరో కూర్చుని ఆలోచించి నాటించారు. బెంగళూరులో ఈ ఆలోచన నూరేళ్ల కిందటే జరిగింది. 1908లో లాల్‌బాగ్ బాధ్యతలకు వచ్చిన క్రుంబీగల్ అనే జర్మన్ ఉద్యాన నిపుణుడు ఒక రకం పూలు రాలుతుంటే ఇంకో రకం విచ్చుకునేలా వీధి చెట్లను ఎంచారు. ఏడాదిలో ఏ నెలకు ఆ నెల ఊళ్లో ఏదో ఒక పూత ఉండాలన్నది ఆయన పట్టు.

అమెరికాలో పిల్లలున్న తల్లులు ఏప్రిల్‌లో అక్కడుంటే వాషింగ్టన్ చెర్రీపూలు చూసే ఉంటారు. ఆ పూల వెనక ఒక ఆడమనిషి మొండితనం ఉంది. ఎలిజా సిడ్‌మోర్ అనే రచయిత్రి 1885లో జపాన్ నుంచి తిరిగొచ్చి, నది ఒడ్డున ఈ చెట్లు పెట్టించండని అధికారులను అడిగింది. వినలేదు. అధికారులు మారారు, ఆమె మారలేదు. 24 ఏళ్లు అడుగుతూనే ఉంది. చివరికి 1909లో అధ్యక్షుడి భార్య హెలెన్ టాఫ్ట్‌కు ఉత్తరం రాసింది. ఆవిడ సరేనన్నాక కథ కదిలింది. 1910లో జపాన్ నుంచి వచ్చిన రెండు వేల మొక్కలకు పురుగు పట్టిందని కాల్చేయాల్సి వచ్చింది. అయినా వదల్లేదు. 1912లో 3,020 మొక్కలు మళ్లీ వచ్చాయి. ఆ ఏడు మార్చి 27న మొదటి రెండు మొక్కలను నాటినదీ ఇద్దరు ఆడవాళ్లే. ఒకరు హెలెన్ టాఫ్ట్, ఇంకొకరు జపాన్ రాయబారి భార్య చిండా. ఇవాళ ఆ పూలను చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తున్నారు.

అడిగేవాళ్లుంటే చెట్టు వస్తుంది. మరి అడిగేవాళ్లు లేకపోతే? ఉన్న చెట్టు కూడా పోతుంది. ఇక్కడే మన ఊరి సంగతి చెప్పుకోవాలి.

బస్సు కిటికీ అవతల

నకిరేకల్ నుంచి కట్టంగూరు, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్... పట్నం దాకా రెండు వైపులా మనది రాతి నేల. ఆ రాళ్ల నడుమ, చెలకల గట్ల మీద ఫాల్గుణంలో నిప్పంటుకున్నట్టు కనిపించేదే మోదుగ. గోగుపూలని కూడా అంటాం. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. పువ్వు చిలుక ముక్కులా వంగి ఉంటుంది. అందుకే సంస్కృతంలో దీన్ని కింశుకం, 'చిలుకేనా ఇది?' అన్నారు. వాసన లేదని కవులు చిన్నచూపు చూశారు గానీ, తేనెపిట్టలకూ గోరింకలకూ ఎండాకాలం మొదట్లో ఇదే పెద్ద విందు. దాశరథి రంగాచార్య తెలంగాణ పోరాటం మీద రాసిన నవలకు పెట్టుకున్న పేరు కూడా 'మోదుగుపూలు'. ఈ నేల మీద ఎరుపంటే ముందు ఆ పువ్వే గుర్తొచ్చేది మరి!

కామునిపున్నానికి ముందు రోజు ఈ పూలు కోసుకొచ్చి, నీళ్లలో ఉడకబెట్టి, రాత్రంతా నానబెడితే తెల్లారేసరికి నారింజరంగు నీళ్లు. పిల్లలు జాజిరి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగిన రోజుల్లో హోలీ రంగు అదే. ఇప్పుడు ప్యాకెట్ రంగులు కొని, ఆనక కళ్లు మండుతున్నాయని చుక్కల మందు కొంటున్నాం. మోదుగాకులు కుట్టిన విస్తళ్లలోనే ఒకప్పుడు ఊరు ఊరంతా పెళ్లి భోజనం చేసింది. పుల్ల గుచ్చి ఆకు కలిపే ఆ పని ఎందరో ఆడవాళ్ల చేతి ఖర్చులకు ఆధారం. థర్మోకోల్ పళ్లాలొచ్చి ఆ పని పోయింది. ఆకుతో అవసరం తీరాక చెట్టుతోనూ అవసరం తీరింది. చెలకను చదును చేస్తే ముందు పోయేది మోదుగే. ప్లాట్లు చేస్తే ముందు పోయేది మోదుగే. గుట్టనే రాయి కోసం తవ్వుకుంటే ఇక చెప్పేదేముంది! రోడ్డు పక్క పోయిన చింతలకైనా "అయ్యో" అన్నారు గానీ మోదుగకు ఆ మాట కూడా దక్కడం లేదు.

ఆమాటకొస్తే ఉగాది పచ్చడిలో పువ్వు వేసే వేప సంగతి? 2021లో తెలంగాణ అంతటా వేపకొమ్మల చివర్లు మాడిపోవడం గుర్తుందా! ఫోమోప్సిస్ అనే బూజుజాతి తెగులు అది. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. కానీ ఆ ఏడు ఎంతోమంది ఆడవాళ్లు వాకిట్లోకొచ్చి తలెత్తి చెట్టువైపు చూశారు. రోజూ నీడలో కూర్చుంటాం గానీ పోతుందేమోనని భయం వేస్తే తప్ప చూడం!

ఇంకో పూత కూడా మన దగ్గరే ఉంది. నకిరేకల్ నిమ్మకాయలకు పేరున్న ఊరు, నల్లగొండ జిల్లా బత్తాయికి పేరున్న జిల్లా. బత్తాయి తోటకు కొన్నాళ్లు నీళ్లు ఆపి, వాడనిచ్చి, మళ్లీ తడి ఇస్తే జనవరి, ఫిబ్రవరి నెలల్లో తెల్లటి పూత విరగబూస్తుంది. ఆ తోట పక్కగా సాయంత్రం నడిచి చూడండి. ఏ సెంటు సీసాలోనూ దొరకని వాసన. పట్నంవాళ్లకు చెబితే బస్సెక్కి వస్తారు!

ఇది చేసి చూద్దాం

పట్నం పూలు చూడొద్దని కాదు. తప్పకుండా చూడండి. అందం ఎక్కడిదైనా అందమే. కాకపోతే పోయేటప్పుడు కుడి కిటికీ, వచ్చేటప్పుడు ఎడమ కిటికీ కాకుండా రెండువైపులా చూడండి. పిల్లలకు టబెబుయా పేరుతో పాటు మోదుగ, రేల, కానుగ, బూరుగు పేర్లు కూడా చెప్పండి. 

నాటాలనుందా? వేపపండ్లు రాలే జూన్, జులైలోనే గింజలు ఏరి వెంటనే నాటాలి, నెలల తరబడి దాస్తే మొలవవు. రేల గింజ పెంకు గట్టిది, వేడినీళ్లలో వేసి ఒక రాత్రి నానబెట్టి నాటండి. మోదుగ కాయలో చివరన ఒకే గింజ ఉంటుంది. తొలకరికి మట్టిలో పెడితే మెల్లగా పెరుగుతుంది, తొందర పెట్టకండి. తురాయి కొమ్మ గాలికి విరిగే రకం కాబట్టి గోడకు ఆనించి పెట్టొద్దు. ఇల్లు కట్టడానికి ప్లాటు కొంటే మూలనున్న చెట్టును ఉంచి ప్లాను గీయమని మేస్త్రీకి చెప్పండి. ఆ మాట ఇంటావిడ చెబితేనే నిలుస్తుంది. సంఘం మీటింగులో పొదుపు లెక్కలయ్యాక "మన గుట్టమీది మోదుగలు ఎన్ని మిగిలినయి?" అని ఒకసారి అడగండి. లెక్కపెట్టడానికి కామునిపున్నానికి మించిన రోజు లేదు, చెట్టు తనే చేయెత్తి చూపిస్తుంది.

ఆడవాళ్ల చేతిలో అంత బలముందా అంటారా? తంగేడును చూడండి. అదీ రాతినేల మీద పుట్టిన పిచ్చిమొక్కే. తరతరాలుగా మన అమ్మలు, అమ్మమ్మలు ఏరి తెచ్చి బతుకమ్మలో పేర్చారు. పేరు మరిచిపోనివ్వలేదు. 2014లో అదే తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. తంగేడును మన చేతులు నిలబెట్టాయి. మోదుగ కూడా ఆ చేతుల కోసమే చూస్తోంది!